కారు హీటెక్కుతోందా? రేడియేటర్ హోస్ పైపు పట్టుకుని తప్పు ఎక్కడుందో కనిపెట్టడం

"హోస్ పైపు మార్పించి నెల కూడా కాలేదు, మళ్ళీ పగిలింది. నాసిరకం పైపు వేశారా?" ఎండలు ముదిరేసరికి ఈ ప్రశ్న అడిగేవాళ్ళు పెరుగుతారు. ఇంజిన్‌ని చల్లబరిచే కూలెంటు అనే ద్రవం ఇంజిన్‌కీ రేడియేటర్‌కీ మధ్య తిరిగేది ఈ రబ్బరు హోస్ పైపుల్లోనే, పైన ఒకటి, కింద ఒకటి. పైపు నాసిరకంది అయినా అవ్వచ్చు. కానీ చాలాసార్లు తప్పు పైపుది కాదు. లోపల ప్రెజరు హద్దు దాటినప్పుడు ముందుగా తెగేది మెత్తగా ఉన్న రబ్బరే. ప్రెజరు ఎందుకు పెరిగిందో చూడకుండా పైపు ఒక్కటే మారిస్తే కొత్తదీ అదే దారి పడుతుంది.

హోస్ పైపుతో ఒక సౌకర్యం ఉంది. లోపల ఏం జరుగుతోందో అది బయటికి చెబుతుంది. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, ఇంజిన్ వేడెక్కుతున్నప్పుడు ఒకసారి, ఆపేసి పూర్తిగా చల్లారాక ఇంకోసారి చేత్తో పట్టి చూడండి. థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాకే కూలెంటుని రేడియేటర్‌కి వదిలే వాల్వు), రేడియేటర్ మూత, రేడియేటర్, హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పైభాగమైన హెడ్‌కి కింద ఉండే సీలు), వీటిలో దేన్ని అనుమానించాలో చాలావరకు తేలిపోతుంది. ఖరీదైన పరికరాలేవీ అక్కర్లేదు కానీ వరుస మాత్రం తప్పకూడదు.

1. సిద్ధం చేసుకోవాల్సినవి, జాగ్రత్తలు

- టార్చిలైటు, పాత గుడ్డలు, మందపాటి చేతి తొడుగులు
- కారు కింద పరచడానికి పెద్ద అట్టముక్క
- స్క్రూడ్రైవరు, ప్లయరు
- మాన్యువల్‌లో చెప్పిన రకం కూలెంటు, ఒక క్యాన్ డిస్టిల్డ్ వాటర్
- చూసింది చూసినట్టు రాసుకోవడానికి కాగితం లేదా ఫోను

వేడి ఇంజిన్ మీద రేడియేటర్ మూత తిప్పకండి. ఆ మూత మీద 0.9 అనో 1.1 అనో అంకె ఉంటుంది. అది ఎన్ని బార్ల ప్రెజరు వరకు మూత ఆపుతుందో చెప్పే లెక్క. 1.1 బార్ ప్రెజరులో మామూలు నీళ్ళు కూడా దాదాపు 120 డిగ్రీల దాకా మరగవు. మూత వదులు చేయగానే ప్రెజరు పడిపోయి, లోపలున్నదంతా ఒక్కసారిగా మరిగి మొహం మీదికి చిమ్ముతుంది. కనీసం ముప్పావుగంట ఆగండి. పై హోస్‌ని హాయిగా పిడికిట పట్టుకోగలిగి, నొక్కితే మెత్తగా ఉన్నప్పుడే మూత జోలికి వెళ్ళండి.

"రేడియేటర్ మూత తియ్యను, పక్కనున్న ప్లాస్టిక్ ట్యాంకు మూతే తీస్తాను" అని కొందరు ధైర్యం చేస్తారు. ట్యాంకులు రెండు రకాలు. రేడియేటర్ మీద విడిగా మూత ఉండే కార్లలో ఆ ట్యాంకులో ప్రెజరు ఉండదు. చాలా మారుతి, హ్యుందాయ్, హోండా, టయోటా కార్లు ఇలా ఉంటాయి. రేడియేటర్ మీద మూతే లేకుండా ట్యాంకుకే గట్టి మరమూత ఉంటే (ఫోక్స్‌వాగన్, స్కోడా, ఫోర్డ్ కార్లలో ఇదే పద్ధతి) ప్రెజరంతా అందులోనే. అది రేడియేటర్ మూతంత ప్రమాదం.

ఇంకో మూడు మాటలు. ఇంజిన్ ఆపేసినా కొన్ని కార్లలో ఫ్యాను తనంతట తాను తిరగడం మొదలెడుతుంది. చున్నీలు, కండువాలు, వదులు చొక్కా చేతులు దాని దరికి రానివ్వకండి. కారిన కూలెంటు తియ్యగా ఉంటుంది, పైగా విషం. కుక్కలు నాకుతాయి, పిల్లలు చెయ్యి పెడతారు. వెంటనే కడిగేయండి. డిస్టిల్డ్ వాటర్‌ను మన దగ్గర బ్యాటరీ వాటర్ అని అమ్ముతారు. బ్యాటరీ యాసిడ్ వేరు, క్యాన్ మీద రాసింది చదివి తీసుకోండి.

2. ఎప్పుడు హీటెక్కుతోంది?

బానెట్ ఎత్తే ముందే సగం పని ఇక్కడ అయిపోతుంది. మెకానిక్ దగ్గరికి వెళ్ళినా అతను మొదట అడగాల్సింది ఇదే. అడక్కపోతే మీరే చెప్పండి.

- సిగ్నళ్ళ దగ్గర, ట్రాఫిక్‌లో హీటెక్కి, హైవే ఎక్కగానే దిగిపోతోంటే గాలి చాలడం లేదు. ఫ్యానుని, రేడియేటర్ ముందు పేరుకున్న చెత్తని చూడాలి.
- ఊళ్ళో బాగానే ఉండి, హైవే మీద గానీ ఘాట్ రోడ్డులో గానీ పెరుగుతోంటే కూలెంటు సరిగా తిరగడం లేదు. రేడియేటర్ లోపల పూడిక, నొక్కుకుపోయే కింది హోస్, వాటర్ పంపు, తక్కువ కూలెంటు అనుమానితులు.
- స్టార్ట్ చేసిన ఐదారు నిమిషాలకే టెంపరేచర్ ముల్లు పైకి పోతోంటే కూలెంటు బాగా తగ్గి ఉండాలి, లేదా థర్మోస్టాట్ మూసుకుని బిగుసుకుపోయి ఉండాలి, లేదా గ్యాస్కెట్.
- ఎంతసేపు నడిపినా ముల్లు కిందే ఉంటే థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోయింది. లేదా ఎవరో పీకేశారు.

చిన్న కార్లు చాలావాటిలో ఇప్పుడు ముల్లే లేదు. చల్లగా ఉంటే నీలి లైటు, మితిమీరితే ఎర్ర లైటు. మధ్యలో ఏం జరిగినా మీకు తెలియదు. ఎర్ర లైటు వెలిగిందంటే అప్పటికే ఆలస్యమైందని లెక్క.

ఒక మోసం గుర్తుంచుకోండి. పైకి వెళ్ళిన ముల్లు ఉన్నట్టుండి కిందికి పడిపోతే హమ్మయ్య అనుకోవద్దు. సెన్సర్ చుట్టూ కూలెంటే లేకుండా పోతే అది ఆవిరిని, గాలిని కొలిచి తక్కువ చూపిస్తుంది.

3. పొద్దున్నే, చల్లటి ఇంజిన్ మీద

రాత్రి కారు నిలిపేటప్పుడే అట్టముక్క కింద పరచండి. పొద్దున దాని మీద తడి ఎక్కడుందో చూస్తే లీకు సుమారుగా ఎక్కడో తెలుస్తుంది. రంగు లేని, వాసన లేని నీళ్ళయితే అది ఏసీ నీరు, దిగులు వద్దు. ఆకుపచ్చో, గులాబీయో, నీలమో రంగుండి వేళ్ళకి జిగురుగా తగిలితే కూలెంటు.

ఇప్పుడు మూత తీయకుండానే పై హోస్‌ని చూడండి. చాలామంది చేయని పరీక్ష ఇది.

పైపు చప్పిడిగా నొక్కుకుపోయి ఉందా? చల్లారేటప్పుడు కూలెంటు కుంచించుకుని ట్యాంకులోంచి కొంత వెనక్కి లాక్కోవాలి. మూత కింద ఉండే చిన్న వాల్వు బిగుసుకుపోయినా, ట్యాంకుకి వెళ్ళే సన్న పైపు పూడిపోయినా లాక్కోలేక తన పైపునే పీల్చుకుంటుంది. మార్చాల్సింది హోస్ కాదు, మూత. సన్న పైపు పూడి ఉంటే దాన్ని శుభ్రం చేయాలి. హోస్ మారిస్తే వందలు, వేలు. మూత అంతకంటే చాలా చవక.

రాత్రంతా చల్లారినా పైపు ఇంకా గట్టిగా ఉబ్బి ఉందా? మూత తీస్తే బుస్సుమందా? సిలిండర్లోని గ్యాసు కూలెంటులోకి చేరుతోందేమో. ఆరో భాగానికి వెళ్ళండి.

ఇక మూత తీసి చూడండి.

- కూలెంటు మెడ దాకా ఉండాలి. ట్యాంకులో గీత దగ్గరున్నా రేడియేటర్ ఖాళీగా ఉండొచ్చు, రెండూ చూడాలి.
- తుప్పు రంగులో ఉంటే లోపల ఇనుము తినేస్తోంది. ఎవరో ఉత్త నీళ్ళు పోసి ఉండొచ్చు.
- పైన నూనె తెట్టు ఉంటే, లేదా డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) మీద, ఆయిల్ మూత కింద పాలమీగడ లాంటి జిగురు కనబడితే నూనె, నీళ్ళు కలుస్తున్నాయి. కారు స్టార్ట్ చేయకండి, తోయించి గ్యారేజీకి పంపండి.
- మూత రబ్బరు వాషరు పగిలిందేమో, గట్టిపడిందేమో చూడండి.

తర్వాత హోస్‌లు. పైనా కిందా రెండే కాదు, హీటరుకి వెళ్ళే రెండు సన్న పైపులు, పక్కదారి పైపులు (కూలెంటుని రేడియేటర్‌కి పంపకుండా ఇంజిన్‌కే తిప్పేవి) కూడా ఉంటాయి. లీకు తరచుగా అక్కడే దాక్కుంటుంది.

నడుమ నొక్కి సరిపెట్టుకోవద్దు. ఈ రబ్బరు లోపలినుంచి చివుకుతుంది, అదీ ఎక్కువగా క్లిప్పులకి దగ్గర్లో, రెండు మూడు అంగుళాల మేర. పైకి నల్లగా నిగనిగలాడుతూనే ఉంటుంది. కాబట్టి నడుమ ఒకసారి, చివర్ల దగ్గర ఒకసారి బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టి పిసికి పోల్చండి. చివర మెత్తగా బురదలా అనిపించినా, లోపల చీలిక వేళ్ళకి తగిలినా, కరకరమన్నా ఆ పైపు పని అయిపోయింది. నూనె కారి తడిసిన పైపు ఉబ్బి జిగటగా అవుతుంది. దాన్ని మార్చే ముందు నూనె ఎక్కడినుంచి కారుతోందో ఆపాలి.

క్లిప్పుల అంచున తెల్లటి పొక్కులా, రంగు ఉప్పులా కట్టి ఉంటే అక్కడ సన్నగా కారి ఆరిపోతోంది. ఎలుకల పళ్ళ గుర్తులు కూడా వెతకండి. వారం పది రోజులు తియ్యని కారైతే తప్పకుండా.

చివరగా రేడియేటర్ ముందు భాగం. ఏసీ కండెన్సరుకీ (ఏసీ వేడిని బయటికి వదిలే జాలీ) రేడియేటర్‌కీ మధ్య సందులో దుమ్ము, పురుగులు, దూది, పొట్టు దట్టంగా పేరుకుంటాయి. బయటికి కనబడవు. టార్చి వెనకనుంచి వేసి ముందునుంచి వెలుతురు వస్తోందేమో చూడండి. కోతల రోజుల్లో రోడ్ల మీద ఆరబోసిన వడ్ల మీంచి, గడ్డి మీంచి నడిపారా? కారు కిందా ముందూ ఇరుక్కున్న గడ్డి తీసేయండి. హీటు సంగతి తర్వాత, అది సైలెన్సర్‌కి తగిలితే నిప్పు అంటుకుంటుంది. కడగడానికి మామూలు పైపు నీళ్ళు చాలు. వాటర్ సర్వీసింగ్ ప్రెజరు దగ్గరగా పెడితే రేడియేటర్ రెక్కలు వంగిపోయి గాలి దారి ఇంకా మూసుకుంటుంది.

4. స్టార్ట్ చేశాక మొదటి పదిహేను నిమిషాలు

మూత బిగించి, ఏసీ ఆపి స్టార్ట్ చేయండి. మొదటి రెండు నిమిషాల్లో పై హోస్ రాయిలా గట్టిపడితే ఆపేయండి. నీళ్ళు వేడెక్కి వ్యాకోచించడానికి అంత తక్కువ టైము చాలదు. ఆ ప్రెజరు సిలిండర్లోంచి వస్తోంది.

అలా కాకపోతే పై హోస్‌ని నిమిషానికోసారి తాకి చూస్తూ ఉండండి. థర్మోస్టాట్ బాగుంటే పైపు కొన్ని నిమిషాలు చల్లగా ఉండి, తర్వాత ఉన్నట్టుండి వేడెక్కుతుంది. చాలా కార్లలో ఇది 82 నుంచి 88 డిగ్రీల మధ్య తెరుచుకుంటుంది.

- మొదటి నిమిషం నుంచే నెమ్మదిగా వేడెక్కుతూ పోతే థర్మోస్టాట్ తెరిచే ఉంది, లేదా లేదు.
- ముల్లు పైకి పోతున్నా పై హోస్ చల్లగానే ఉంటే మూసుకుని బిగుసుకుంది, లేదా లోపల గాలి పట్టింది.
- పైది కాలిపోతూ, కిందిది చల్లగా ఉంటే రేడియేటర్ పూడిక, లేదా పంపు నీళ్ళు తోయడం లేదు.

కొన్ని ఇంజిన్లలో థర్మోస్టాట్ కింది హోస్ వైపు ఉంటుంది. అప్పుడు ఉన్నట్టుండి వేడెక్కేది కింది హోస్. రెండు పైపుల్లో ఏది ఇంజిన్‌లోని థర్మోస్టాట్ డబ్బాకి తగులుతోందో ముందే చూసుకోండి.

థర్మోస్టాట్ అనుమానం తీరాలంటే బయటికి తీసి, దారంతో కట్టి, గిన్నెలో నీళ్ళలో వేలాడదీసి, థర్మామీటరు పెట్టి కాచండి. దాని మీద చెక్కిన డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలవ్వాలి, చల్లారితే పూర్తిగా మూసుకోవాలి. ఆ గిన్నె మళ్ళీ వంటకి వాడకండి.

"మన ఎండలకి థర్మోస్టాట్ దేనికండీ, పీకేస్తే చల్లగా పోతుంది" అనే సలహా మన గ్యారేజీల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. వినకండి. ఇంజిన్ తన వేడికి చేరక పెట్రోలు ఎక్కువ తాగుతుంది, లోపల అరుగుదల పెరుగుతుంది. కొన్ని ఇంజిన్లలో పక్కదారిని మూసేది కూడా ఆ థర్మోస్టాటే. అది తీసేస్తే వేడి నీళ్ళు రేడియేటర్‌కి పోకుండా ఇంజిన్‌లోనే చుట్టూ తిరిగి, చల్లబడాల్సిన కారు ఇంకా హీటెక్కుతుంది.

5. వేడెక్కాక: ఫ్యాను, కింది హోస్, పంపు

ఏసీ వేయండి. ఫ్యాను తిరగాలి. ఏసీతో తిరిగి, ఏసీ లేకుండా ఎంత వేడెక్కినా తిరక్కపోతే మోటారు మంచిదే, టెంపరేచర్ సెన్సర్‌నో దాని వైర్లనో చూడాలి. ఏసీతోనూ తిరక్కపోతే ముందు ఫ్యూజు, తర్వాత రిలే (ఫ్యానుకి కరెంటు కలిపే స్విచ్చు). ఫ్యూజు డబ్బాలో అదే నంబరున్న ఇంకో రిలే ఉంటే మార్చి చూడండి. చివరిగా మోటారుకి బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇచ్చి చూడాలి. అప్పటికీ కదలకపోతే మోటారు పోయింది.

తర్వాత ఒకరిని రేసు ఇవ్వమని, మీరు కింది హోస్‌ని దూరం నుంచి గమనించండి. రేసు పెంచగానే పైపు లోపలికి నొక్కుకుపోతే పంపు లాగుతున్నా రేడియేటర్ అంత నీరు ఇవ్వలేకపోతోంది, లేదా పైపు బలం పోయింది. కొన్ని కార్ల కింది హోస్‌లో స్ప్రింగు ఉండేది ఇందుకే.

నా పాత కారులో రెండు వేసవులు పోయింది ఈ స్ప్రింగు వల్లే. శ్రీశైలం వెళ్ళేటప్పుడు మన్ననూరు దాటి అడవిలోకి వచ్చాక ప్రతిసారీ ముల్లు లేచేది, ఊళ్ళో మాత్రం ఏమీ ఉండేది కాదు. రేడియేటర్ కడిగించాను, ఫ్యాను మార్పించాను. చివరికి తేలిందేమిటంటే, అంతకుముందెప్పుడో కింది హోస్ మార్చినవాళ్ళు పాతదాంట్లోని స్ప్రింగు తీసి కొత్తదాంట్లో పెట్టడం మర్చిపోయారు.

వాటర్ పంపు పోతుంటే రెండు గుర్తులు. పంపు కింద చిన్న చిల్లు ఉంటుంది, అక్కడ కూలెంటు చార కనబడుతుంది. బేరింగు అరిగితే గరగరమనే చప్పుడు వస్తుంది.

6. లీకు కనబడదు, కూలెంటు తగ్గుతోంది

ఇక్కడ చాలామంది కలుపుకుంటూ కాలం గడుపుతారు. అదే ఖరీదైన తప్పు.

- ముందు సీటు కాళ్ళ దగ్గర మ్యాటు తడి, తియ్యటి వాసన, అద్దం లోపల జిడ్డు మసక: హీటర్ కోర్ (క్యాబిన్‌కి వేడి గాలి ఇచ్చే చిన్న రేడియేటర్) లీకు.
- వేడెక్కాక కూడా తెల్లటి పొగ దట్టంగా, తియ్యటి వాసనతో: కూలెంటు సిలిండర్లో కాలుతోంది.
- మూత తీసి చల్లగా స్టార్ట్ చేస్తే రేడియేటర్ మెడలో బుడగలు ఆగకుండా రావడం: గ్యాస్కెట్ మీద అనుమానం.

గ్యారేజీలో రెండు పరీక్షలు అడగండి. ఒకటి ప్రెజర్ టెస్టు. చల్లటి ఇంజిన్ మీద చేతిపంపుతో మూత మీదున్న అంకె వరకే ప్రెజరు ఎక్కించి పదిహేను నిమిషాలు ఉంచాలి. ప్రెజరు మీటరు ముల్లు పడిపోతే లీకు ఉన్నట్టే. అంతకు మించి ఎక్కిస్తే మంచి రేడియేటర్ కూడా పగులుతుంది. రెండోది రేడియేటర్ మెడ దగ్గర గ్యాసు పరీక్ష. నీలి ద్రవం పెట్రోలు కారులో పసుపు రంగుకి తిరిగితే సిలిండర్ గ్యాసు కలుస్తోంది. హెడ్ విప్పమని చెప్పే ముందు ఈ పరీక్ష చేయించండి. లీకులు పూడ్చే పొడులు, ద్రవాలు మాత్రం పోయకండి. అవి చిల్లుతో పాటు హీటర్ కోర్ సన్న గొట్టాల్నీ పూడుస్తాయి.

7. దారిలో పగిలితే

1. ఏసీ ఆపండి. హీటరు పూర్తి వేడికి తిప్పి క్యాబిన్ ఫ్యాను పెంచండి. చెమటలు పడతాయి, కానీ ఇంజిన్ వేడి కొంత క్యాబిన్‌లోకి పోతుంది.
2. పక్కకి తీసి ఆపండి. ఆవిరి ఆగేదాకా బానెట్ ఎత్తొద్దు.
3. చల్లటి నీళ్ళు ఇంజిన్ మీద కుమ్మరించొద్దు, హెడ్ పగులుతుంది.
4. చీలిక సరిగ్గా పైపు చివర ఉంటే చల్లారాక ఆ ముక్క కోసేసి, మిగతాది మళ్ళీ తొడిగి క్లిప్పు బిగించొచ్చు. నడుమ ఉంటే తుడిచి ఆరబెట్టి టేపు బిగుతుగా చుట్టండి.
5. చల్లారాక నీళ్ళు నింపి, రేడియేటర్ మీద మూత ఉండే కారైతే దాన్ని మొదటి మెట్టు దాకానే బిగించండి. ప్రెజరు తక్కువగా ఉంటుంది. దగ్గరి గ్యారేజీ దాకా నెమ్మదిగా, ముల్లు చూస్తూ వెళ్ళండి.

ఇలాంటప్పుడు బోరు నీళ్ళైనా పర్వాలేదు. ఇల్లు చేరాక మాత్రం అదంతా తీయించండి. గీజరు కాయిల్ మీద కట్టే తెల్లటి పెంకు రేడియేటర్ గొట్టాల్లోనూ కడుతుంది.

8. కొత్త పైపు వేయడం

పాత పైపుని పక్కన పెట్టి వంపులు పోల్చండి. దాదాపుగా సరిపోయేది వంచి పెడితే మలుపు దగ్గర నొక్కుకుపోతుంది. లోపల స్ప్రింగు ఉందేమో చూడండి, పైన చెప్పింది గుర్తుందిగా.

పాతది రాకపోతే స్క్రూడ్రైవరుతో పెకలించొద్దు. రేడియేటర్ ప్లాస్టిక్ మెడ విరిగితే పైపు ఖర్చు కాస్తా రేడియేటర్ ఖర్చవుతుంది. బ్లేడుతో పొడవునా చీల్చి విప్పండి. మెడ మీద అంటుకున్న రబ్బరు, పొక్కులు శుభ్రం చేయండి. కొత్తది ఎక్కడానికి కాస్త కూలెంటు రాస్తే చాలు, గ్రీజు వద్దు, రబ్బరుని తింటుంది.

క్లిప్పు మెడ మీది ఉబ్బుగీతకి వెనక కూర్చోవాలి, దాని మీద కాదు. మర క్లిప్పు రబ్బరు పిండేసేంత బిగించకండి. కంపెనీ వేసిన స్ప్రింగు క్లిప్పు బాగుంటే దాన్నే వాడండి. రబ్బరు వేడికి ఉబ్బి చల్లారి తగ్గినా అది తనంతట తానే సర్దుకుంటుంది.

9. కూలెంటు నింపి గాలి తీయడం

డబ్బా మీద నేరుగా పోయమని ఉంటే నేరుగా పోయండి. గాఢమైనది అయితే సగానికి సగం డిస్టిల్డ్ వాటర్ కలపాలి. చిక్కగా పోస్తే మంచిదనుకోవడం పొరపాటు, ఉత్త కూలెంటు నీళ్ళంత బాగా వేడిని మోయదు. రంగు చూసి జత చేయకండి. ఆకుపచ్చ, గులాబీ అనేవి కంపెనీలు కలిపే రంగులే, రకం చెప్పవు. వేర్వేరు రకాలు కలిస్తే కొన్నిసార్లు జెల్లీలా పేరుకుంటాయి.

- కారు ముందు భాగం కాస్త ఎత్తుగా ఉండేలా నిలపండి.
- హీటరు పూర్తి వేడికి తిప్పండి.
- గాలి తీసే స్క్రూ ఉంటే వదులు చేసి, బుడగలు ఆగి ధార వచ్చాక బిగించండి.
- చల్లటి ఇంజిన్‌ని మూత తీసి స్టార్ట్ చేసి, పై హోస్‌ని పిసుకుతూ, తగ్గినకొద్దీ పోస్తూ ఉండండి. మూత ట్యాంకు మీదే ఉండే కార్లలో మాన్యువల్ పద్ధతే పాటించండి.
- థర్మోస్టాట్ తెరుచుకున్నాక మట్టం ఒకసారి పడిపోతుంది, మళ్ళీ నింపి మూత బిగించండి.
- ఫ్యాను రెండుసార్లు తిరిగి ఆగేదాకా ఇంజిన్ నడవనివ్వండి. హీటరులో వేడి గాలి రాకపోతే గాలి ఇంకా లోపలే ఉంది.

మర్నాడు పొద్దున మళ్ళీ అట్టముక్క, మళ్ళీ మట్టం, మళ్ళీ పై హోస్. కాస్త తగ్గి ఉంటే చిక్కుకున్న గాలి బయటికొచ్చింది, పోసి సరిచేయండి. మూడో రోజూ తగ్గితే ఆరో భాగం నుంచి మళ్ళీ మొదలుపెట్టండి.